వేగానికో చోటు



యానాంలో మెట్టకూరు మాది. ఇవాళ నేను మాట్లాడబోయేది కార్ల పందేల గురించి. టీవీలో చూపించే కోట్ల రూపాయల పోటీల గురించి కాదండి. వారమంతా ఉద్యోగమో వ్యాపారమో చదువో చూసుకుని, శని ఆదివారాల్లో సొంత డబ్బు పెట్టుకుని, ఒక క్లబ్బు నీడన, గేట్లు మూసిన ట్రాకు మీద పోటీకి దిగే మామూలు మనుషుల గురించి. గెలిస్తే వాళ్లకు దక్కేది చిన్న కప్పు, తోటివాళ్ల చప్పట్లు. ఓడితే సోమవారం పొద్దున మళ్లీ ఆఫీసుకు. దీన్నే క్లబ్బు రేసింగు అంటారు.

మా ఊళ్లో రేసు ట్రాకు లేదు. అయినా వేగం మీద మోజు మాత్రం ప్రతి వీధిలోనూ ఉంది. ఆ మోజు తప్పని నేను అనను. దానికి సరైన చోటు, సరైన పెద్దరికం దొరకకపోవడమే మన కష్టం. ఆ రెండూ ఎలా దొరుకుతాయో క్లబ్బు రేసింగు చరిత్ర చెబుతుంది. అందుకే ముందు ఆ కథ వినిపిస్తాను.

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. కార్ల పోటీ పుట్టింది కూడా ఆ ఫ్రాన్సులోనే. 1894 జూలై 22న పారిస్ నుంచి రువాన్ నగరానికి, గుర్రాలు కట్టని బళ్లకు పోటీ అని ఒక దినపత్రిక ప్రకటించింది. ఆ పత్రిక పేరు ‘లె పెతీ జుర్నాల్’. దూరం 126 కిలోమీటర్లు. అందరికంటే ముందు చేరినవాడు కౌంట్ ద దియోన్. ఆయనది ఆవిరి బండి. అయినా మొదటి బహుమతి ఆయనకు రాలేదు. ఎందుకంటారా? బండి నడపడానికి తేలిగ్గా ఉండాలి, ప్రమాదం లేనిదై ఉండాలి, ఖర్చు తక్కువ కావాలి అని పోటీ పెట్టినవాళ్లు ముందే షరతు రాశారు. ఆవిరి బండిలో బొయిలరు చూసుకోవడానికే ఇంకో మనిషి కావాలి. అందుకని మొదటి బహుమతిని పెట్రోలు బళ్లు తయారుచేసిన పెజో, పనార్-లెవసార్ కంపెనీలకు చెరిసగం పంచారు. అంటే ఈ ఆట మొదటి రోజునే, ముందుగా చేరితే చాలదు, పద్ధతిగా చేరాలి అని తేలిపోయింది.

ఆ మరుసటి ఏడు పారిస్ నుంచి బోర్డోకు వెళ్లి తిరిగి పారిస్ రావాలని ఇంకా పెద్ద పోటీ పెట్టారు. 1,178 కిలోమీటర్లు. ఎమిల్ లెవసార్ అనే ఇంజనీరు దాదాపు 49 గంటలు, నిద్రన్నది లేకుండా, నడుపుతూనే ఉన్నాడు. అందరికంటే ముందు వచ్చాడు. అదే ఏడు, అంటే 1895లో, ఫ్రాన్సు ఆటోమొబైల్ క్లబ్బు ఏర్పడింది. మోటారు పందెం, మోటారు క్లబ్బు కలిసి పెరగడం అక్కడ మొదలైంది.

కానీ ఆ రోజుల్లో పందేలన్నీ మామూలు రోడ్ల మీదే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి. మట్టి రోడ్లు. ముందు బండి లేపిన దుమ్ములో వెనక బండివాడికి దారి కనబడేది కాదు. జనం చూడ్డానికని రోడ్డు అంచున కాదు, రోడ్డు మీదే నిలబడేవారు. పిల్లలు, కుక్కలు, పశువులు అడ్డొచ్చేవి. 1903 మే నెలలో పారిస్ నుంచి మాడ్రిడ్‌కు పందెం పెట్టారు. మొదటి రోజే ఘోరం జరిగింది. రెనో కంపెనీ అన్నదమ్ముల్లో ఒకడైన మార్సెల్ రెనో ఆ పందెంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. పోటీదారులతోపాటు చూడవచ్చినవాళ్లూ చనిపోయారు. బోర్డోలోనే ప్రభుత్వం పందెం ఆపించేసింది. ఆ కార్లను ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. గుర్రాలు కట్టి రైలు స్టేషనుకు లాగించి, రైల్లో పారిస్ పంపించారు.

ఒక్కసారి ఆలోచించండి. అంతకు కొన్ని గంటల ముందు గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చిన బళ్లవి. వాటిని గుర్రాలతో లాగించారంటే, ప్రభుత్వం ఎంత కలతపడిందో అర్థమవుతుంది.

ఆ దెబ్బతో ఊరి నుంచి ఊరికి పరుగెత్తే పందేల కాలం ముగిసిపోయింది. 1906 జూన్‌లో లె మాన్ దగ్గర ఫ్రాన్సు క్లబ్బు మొదటి గ్రాండ్ ప్రి నడిపింది. ఒక్కో చుట్టు 103 కిలోమీటర్లు. కానీ ఆ చుట్టంతా మామూలు రాకపోకలకు మూసేశారు. జనం కంచె వెనక నిలబడ్డారు. గెలిచినవాడు రెనో కారు నడిపిన ఫెరెంక్ సీస్. ఆనాటి నుంచి ఈ ఆట మూసిన దారి మీదే నడుస్తోంది. వేగాన్ని ఎవరూ నిషేధించలేదు. దానికి ఒక ఆవరణ కట్టారు, ఆ ఆవరణకు క్లబ్బును కాపలా పెట్టారు.

ఇక మన దక్షిణాదికి వద్దాం.

రెండో ప్రపంచయుద్ధంలో ఎక్కడపడితే అక్కడ విమానాల కోసం రన్‌వేలు వేశారు. యుద్ధం అయిపోయాక అవి ఖాళీగా పడి ఉన్నాయి. వెడల్పాటి గట్టి దారి, చుట్టూ ఖాళీ మైదానం, అడ్డొచ్చే మనుషులు లేరు. కారు పోటీకి అంతకంటే ఏం కావాలి? ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ అలాగే 1948లో రేసు ట్రాకు అయింది. మద్రాసుకు ఉత్తరాన, మన నెల్లూరు వచ్చే దారిలో షోలవరం రన్‌వే ఉంది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ రన్‌వే మీద ఏటేటా పందేలు నడిపింది. అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులు, వాటికి తోడు ఇంటి గ్యారేజీల్లో సొంతంగా తయారుచేసుకున్న రేసు బళ్లు, మోటారు సైకిళ్లు. షోలవరం పందేలంటే దక్షిణాదిలో పెద్ద తిరునాళ్లు. మద్రాసులో చదువుకున్న, పనిచేసిన తెలుగువాళ్లు ఎందరో ఆ ఎండలో, ఆ దుమ్ములో నిలబడి చూసినవాళ్లే.

1971లో దేశంలోని మోటారు క్రీడా క్లబ్బులన్నిటికీ ఒక సమాఖ్య ఏర్పడింది. ఆ తర్వాత మద్రాసు క్లబ్బు వాళ్లు ఇంకో పెద్ద సాహసం చేశారు. అద్దె రన్‌వే కాదు, సొంత ట్రాకు కావాలనుకున్నారు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో భూమి కొని, ట్రాకు కట్టారు. 1990లో అది మొదలైంది. చుట్టు పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ప్రభుత్వం కట్టింది కాదు, కంపెనీ కట్టింది కాదు. వేగం మీద ఇష్టం ఉన్న కొందరు సభ్యులు కలిసి కట్టుకున్నది. మన తెలుగు కుర్రాళ్లు రేసు లైసెన్సు కోసం, పోటీల కోసం ఎక్కువగా వెళ్లేది అక్కడికే. కాకినాడలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మద్రాసు ప్రాంతంలో దిగుతాం. అక్కడి నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే ఇరుంగాట్టుకోట్టై వస్తుంది.

అక్కడ ఒక వారాంతం ఎలా గడుస్తుందో చెబుతాను.

శుక్రవారం పొద్దున్నే లారీల మీద, ట్రాలీల మీద కార్లు దిగుతాయి. మొదటి పని పరుగు కాదు, తనిఖీ. స్క్రూటినీ అంటారు. తనిఖీ అధికారి కారు చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ చూస్తాడు. లోపల స్టీలు గొట్టాలతో వెల్డింగు చేసిన పంజరం సరిగ్గా ఉందా? కారు పల్టీ కొట్టినా డ్రైవరు నలిగిపోకుండా కాపాడేది ఆ పంజరమే. సీటు బెల్టు మన కార్లలోలాగ ఒక పట్టీ కాదు. భుజాల మీంచి రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటో రెండో. మంటలార్పే సిలిండరు ఉందా? బయట నిలబడ్డవాడు కూడా లాగి కరెంటు ఆపేసేలా కటాఫ్ స్విచ్చి ఉందా? హెల్మెట్ మీది భద్రతా ముద్ర గడువు దాటలేదు కదా? ఒంటి మీద వేసుకునే సూటు నిప్పంటనిదేనా? డ్రైవరు రక్తం ఏ గ్రూపో రాసి ఉందా? వీటిలో ఒక్కటి తప్పినా, ఎంత పేరున్నవాడైనా, కారు ట్రాకు మీదికి రాదు.

ఈ తనిఖీ ఎందుకో ఈ మధ్య మనందరం కళ్లారా చూశాం. సినిమా నటుడు అజిత్ కుమార్ సికింద్రాబాదులో పుట్టినవాడు. 2025 జనవరిలో దుబాయిలో 24 గంటల రేసుకు సాధన చేస్తుండగా ఆయన కారు గోడకు కొట్టుకుని గిర్రున తిరిగి నుజ్జయింది. ఆ వీడియో చూసిన ప్రతివాడి గుండె ఆగినంత పనైంది. ఆయన మాత్రం దెబ్బ తగలకుండా దిగి నడిచి వచ్చాడు. కొన్ని రోజులకే ఆయన జట్టు ఆ రేసులో తమ తరగతిలో మూడో స్థానం తెచ్చుకుంది. ఆయన్ని కాపాడింది అదృష్టం ఒక్కటే కాదు. పంజరం, పట్టీలు, హెల్మెట్, వాటిని వదలకుండా పరీక్షించిన తనిఖీ అధికారులు.

తనిఖీ అయ్యాక డ్రైవర్ల సమావేశం. ఏ మలుపు దగ్గర జాగ్రత్త, ఏ తప్పుకు ఏ శిక్ష, అన్నీ చెబుతారు. ఆ సమావేశానికి రానివాడికి పోటీ లేదు. తర్వాత సాధన. శనివారం క్వాలిఫయింగు. అంటే ఒక్క చుట్టు ఎవరు ఎంత తక్కువ సమయంలో తిరిగారో చూసి, రేసు మొదట్లో ఎవరు ముందు వరసలో నిలబడాలో తేలుస్తారు. కారుకు బిగించిన చిన్న పెట్టె గీత దాటిన క్షణాన్ని సెకనులో వెయ్యో వంతు వరకూ పట్టేస్తుంది. శని, ఆదివారాల్లో రేసులు. చుట్టుకు రెండు నిమిషాలు అటూ ఇటూ. ఎనిమిది చుట్లో పది చుట్లో. ఒక రేసు ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఇరవై నిమిషాల కోసం మూడు రోజులు, వాటి వెనక నెలల శ్రమ.

రేసు అయ్యాక గెలిచిన కార్లను ఒక కంచెలోకి తీసుకెళ్లి తాళం వేస్తారు. అక్కడ వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. బరువు తూస్తారు. అనుమానం వస్తే ఇంజను విప్పి చూస్తారు. నిబంధనకు మించి ఏ మార్పు చేసినా గెలుపు రద్దు. ఫలితం మీద అభ్యంతరం ఉన్నవాడు కాగితం మీద రాసి, రుసుము కట్టి, తీర్పు చెప్పే స్టీవార్డుల ముందు పెట్టుకోవాలి. అరిచేవాడి మాట కాదు, ఆధారం ఉన్నవాడి మాట నెగ్గుతుంది.

ఇప్పుడు నాకు ఈ ఆటలో అందరికంటే ఎక్కువ ఇష్టమైనవాళ్ల గురించి చెప్పాలి. వాళ్లు డ్రైవర్లు కారు. మార్షల్స్. ప్రతి మలుపు దగ్గరా నారింజ రంగు దుస్తుల్లో, చేతిలో జెండాలు పట్టుకుని నిలబడే స్వచ్ఛంద సేవకులు. కాలేజీ విద్యార్థులు, బ్యాంకు ఉద్యోగులు, మెకానిక్కులు, రిటైరైనవాళ్లు. తెల్లవారకముందే ట్రాకుకు చేరి, సాయంత్రం దాకా మద్రాసు ఎండలో నిలబడతారు. వాళ్ల పేరు కప్పు మీద రాయరు. కానీ వాళ్లు లేకపోతే రేసే లేదు.

వాళ్ల జెండాల భాష వినండి. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించాలి, ఎవర్నీ దాటకూడదు. రెండు పసుపు జెండాలు ఊపితే అవసరమైతే ఆగిపోవడానికైనా సిద్ధంగా ఉండాలి. ఆకుపచ్చ జెండా అంటే దారి బాగైంది, వెళ్లొచ్చు. నీలం జెండా అంటే వెనక వేగంగా వచ్చేవాడున్నాడు, చూసుకో. పసుపు మీద ఎర్ర చారల జెండా అంటే దారి మీద నూనో నీళ్లో ఉన్నాయి, జారుతుంది. నల్ల జెండా మీద నారింజ చుక్క, పక్కన నీ కారు నంబరు ఉంటే, నీ బండిలో లోపం ఉంది, లోపలికి రా. ఎర్ర జెండా అంటే అందరూ ఆగాలి. చివరికి నలుపు తెలుపు గళ్ల జెండా, రేసు ముగిసింది.

పసుపు జెండా కింద ఒకణ్ని దాటి మొదట వచ్చినా ఆ గెలుపు నిలవదు. గంటకు 150 కిలోమీటర్ల మీద ఉన్న మనిషి, రోడ్డు పక్కన ముక్కూమొహం తెలియని విద్యార్థి ఊపిన గుడ్డ ముక్కకు లోబడి కాలు వెనక్కి తీస్తాడు. ఎందుకు? ఆ విద్యార్థి తనకు కనబడనిది చూస్తున్నాడని నమ్మకం. ఈ నమ్మకమే క్లబ్బు.

ఆ నమ్మకానికి మార్షల్స్ ప్రాణం కూడా పెట్టారు. 2001 మార్చిలో మెల్‌బోర్న్ గ్రాండ్ ప్రిలో రెండు కార్లు గుద్దుకుంటే ఒక చక్రం ఊడి, కంచెలోని సందులోంచి దూసుకొచ్చి గ్రాహం బెవరిడ్జ్ అనే స్వచ్ఛంద మార్షల్‌ను చంపేసింది. అంతకుముందు 1955 జూన్ 11న లె మాన్‌లో ఒక మెర్సిడెస్ కారు జనం మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా చనిపోయారు. ఈ ఆట ప్రమాదం లేనిదని నేను అబద్ధం చెప్పను. కానీ ప్రతి చావు తర్వాతా ఈ ఆట ఒక నియమం రాసుకుంది. కంచెలు ఎత్తయ్యాయి, జనం దూరం జరిగారు, చక్రాలకు తాళ్లు కట్టారు. మన రోడ్ల మీద చావులకు మనం ఏం రాసుకున్నాం? పాడె మోసి వచ్చి, నెల తిరక్కుండా అదే మలుపులో అదే వేగం.

ట్రాకు మీద కొన్నాళ్లు నడిపిన మనిషి మామూలు రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతాడు. ఇది వింతగా అనిపించవచ్చు. కారణం ఉంది. అక్కడ అతనికి మొదట నేర్పేది యాక్సిలరేటరు కాదు, బ్రేకు. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల మీద ఉన్న కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది. ప్రమాదం కంటపడి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికే ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పట్టకముందే 28 మీటర్లు ఖర్చయిపోయాయి. ఈ లెక్క పుస్తకంలో చదివితే మరచిపోతాం. ట్రాకు మీద ఒళ్లంతా కుదిపేసినప్పుడు మరచిపోం.

మలుపు ఎలా తిరగాలో కూడా నేర్పుతారు. బ్రేకు అంతా మలుపుకు ముందే, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే వేసెయ్యాలి. దారి బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మలుపు నడుమ లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు రావాలి. అప్పుడు మలుపు సాగుతుంది, టైరు మీద భారం తగ్గుతుంది. లోపలికి నెమ్మదిగా వెళ్లినవాడే బయటికి వేగంగా వస్తాడు. నాలుగు టైర్లూ నేలను పట్టుకునేది నాలుగు అరచేతులంత మేర మాత్రమే. ఆ కాస్త పట్టును బ్రేకుకు కొంత, మలుపుకు కొంత పంచుకోవాలి. రెండిటికీ ఒకేసారి పూర్తిగా అడిగితే టైరు ఇవ్వలేదు, కారు జారుతుంది. నెత్తి మీద నిండు బిందెతో ఏటిగట్టు దిగే ఆడమనిషి నడకలో ఎంత నిదానం ఉంటుందో, మంచి రేసు డ్రైవరు చేతుల్లో అంత నిదానం ఉంటుంది. స్టీరింగును గుంజడు. పెడలును తన్నడు. బరువును ఒలకనివ్వడు.

ఇది డబ్బున్నవాళ్ల ఆట కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. టైర్లకు, ఇంజనుకు, ప్రయాణానికి ఖర్చవుతుంది. కానీ ఆ ఖర్చు తగ్గించాలని జీవితం ధారపోసిన మనుషులూ ఈ ఆటలో ఉన్నారు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ అలాంటివాడు. విదేశీ రేసు కార్లు మనవాళ్లకు అందవని చూసి, మన రోడ్ల మీద తిరిగే మారుతి 800 ఇంజనుతోనే ఒంటి సీటు రేసు కారు తయారుచేయించాడు. 796 సీసీల ఇంజను. పాడైతే ఏ ఊరి మెకానిక్ అయినా బాగుచేయగలడు. ఫార్ములా మారుతి అన్న ఆ తరగతి వల్ల మధ్యతరగతి కుర్రాళ్లకు తలుపు తెరుచుకుంది. 1995లో ఆయన విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. నారాయణ్ కార్తికేయన్ మొదట రేసు దిగింది ఆ ఫార్ములా మారుతి కారులోనే. 2005లో ఆయన ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. అంతెత్తు చెట్టుకు వేరు ఒక క్లబ్బు వారాంతంలో ఉంది.

ఈ ఆటలో ఆడా మగా వేర్వేరు పందేలు ఉండాల్సిన పనిలేదు. ఒకే గీత మీద నిలబడతారు. చెన్నై అమ్మాయి అలీషా అబ్దుల్లా రేసరైన తండ్రి చేతి కింద నేర్చుకుని మోటారు సైకిళ్ల మీద, కార్ల మీద మగవాళ్లతో కలిసి పోటీ పడింది. స్నేహా శర్మ ఉద్యోగం విమానం నడపడం, సెలవు దొరికితే రేసు కారు నడపడం. తెలుగువాళ్లూ ఈ ఆటలో ఉన్నారు. మన హైదరాబాదు కుర్రాడు అనిందిత్ రెడ్డి జేకే టైర్ వాళ్ల ‘యూరో జేకే’ పోటీల్లో విజేతగా నిలిచాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ప్రపంచ పోటీ, ఫార్ములా ఈ, జరిగింది. తెలుగు నేల మీద ఆ స్థాయి కార్ల రేసు అదే మొదటిసారి. గెలిచినవాడు ఫ్రాన్సు డ్రైవరు ఝాన్-ఎరిక్ వెర్న్. మరుసటి ఏడు ఆ పోటీ హైదరాబాదులో జరగలేదు. దాన్నుంచి నేను నేర్చుకున్నది ఇదీ. పెద్ద పోటీ వస్తుంది, పోతుంది. ప్రభుత్వం మారితే ఆగవచ్చు, డబ్బు చాలకపోతే ఆగవచ్చు. కానీ మద్రాసులో 1953 నుంచి నిలిచింది ఏమిటి? సభ్యులు చందాలు వేసుకుని, సెలవులు పెట్టుకుని నడిపించుకునే క్లబ్బు. నిలిచేది అదే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

యానాంలో పెట్రోలు పక్క ఊళ్ల కంటే చవక. చుట్టుపక్కల మండలాల బళ్లు వచ్చి ట్యాంకు నింపుకుని వెళతాయి. యానాం బళ్ల పీవై-04 నంబరు ప్లేట్లు కాకినాడలోనూ కోనసీమలోనూ కనబడతాయి. కాకినాడ నుంచి కోరంగి, తాళ్లరేవు మీదుగా వచ్చే జాతీయ రహదారి యానాం దాటి, గౌతమి మీద బాలయోగి వారధి ఎక్కి, ఎదుర్లంక దగ్గర కోనసీమలో దిగుతుంది. తిన్నని వారధి, పక్కన నది, ముఖాన గాలి. కుర్రాడి చేతిలో మోటారు సైకిలు ఉంటే ఆ వారధి ఏం చెబుతుందో నాకు తెలుసు. కానీ అదే వారధి మీద చేపల బుట్టతో వెళ్లే అత్త ఉంది, సైకిలు మీద బడికి వెళ్లే పిల్ల ఉంది, ఆసుపత్రికి పరుగుతీసే ఆటో ఉంది. అక్కడ పసుపు జెండా ఊపేవాడు లేడు. 1903లో పారిస్ నుంచి బోర్డో దారి ఎలా ఉందో, వేగానికి మన రోడ్డు ఇవాళ అలాగే ఉంది.

చట్టం ఏమంటోందో కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం, ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో వేగ పందెం పెట్టడం, అందులో పాల్గొనడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటి తప్పుకు మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మైనరు పిల్లవాడు బండితో నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. పద్దెనిమిది నిండని కొడుక్కి బండి తాళం ఇచ్చి మురిసిపోయే తండ్రులకు ఈ మాట గుర్తుండాలి.

అయితే జైలు పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు. వద్దు అని చెప్పినచోట, ఇక్కడికి రా అని కూడా చెప్పాలి. నేను అడిగేది అదే. యానాం, కాకినాడ, కోనసీమ కలిసి ఒక మోటారు క్రీడా క్లబ్బు పెట్టుకోగలవు. దానికి మూడు కిలోమీటర్ల ట్రాకు అక్కర్లేదు.

మొదట టైమ్-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీతో మొదలుపెట్టవచ్చు. అది వేగ పందెం కాదు. మామూలు రోడ్డు మీద, చట్టం ఒప్పుకున్న వేగంలోనే, ఇచ్చిన దూరాన్ని ఇచ్చిన సమయానికి సరిగ్గా చేరాలి. ఆలస్యమైనా తప్పే, ముందు చేరినా తప్పే. ఒకరు నడుపుతారు, పక్కన ఒకరు కాగితం చూసి దారి, లెక్క చెబుతారు. భార్యాభర్తలు, తండ్రీకూతుళ్లు జంటగా దిగవచ్చు. చూపులేనివాళ్లు బ్రెయిలీ కాగితాన్ని వేళ్లతో చదువుతూ డ్రైవరుకు దారి చెప్పే ర్యాలీలు మన దేశంలో పలు నగరాల్లో జరుగుతున్నాయి. వేగానికి బదులు కచ్చితత్వాన్ని గెలిపించే ఆట ఇది.

రెండోది ఆటోక్రాస్. చదును చేసిన ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి మలుపుల దారి గీస్తారు. ఒకసారికి ఒక్క కారే. గడియారంతోనే పోటీ. చాలావరకు రెండో గేరు దాటదు. కోను తగిలితే సెకన్లు కలుపుతారు. రోజూ నడుపుకునే సొంత కారుతోనే, తనిఖీ చేయించుకుని, హెల్మెట్ పెట్టుకుని దిగవచ్చు. అంబులెన్సు, డాక్టరు, మంటలార్పే బండి, కంచె, మార్షల్స్ మాత్రం తప్పనిసరి.

దీనికి కావలసిన పనులు గాలిలో లేవు. ముందు పదిమంది పెద్దమనుషులు కలిసి సంఘాన్ని రిజిస్టరు చేయించాలి. జాతీయ సమాఖ్యకు రాసి, నిబంధనలు తెప్పించుకుని, అనుబంధం అడగాలి. స్థలం కోసం, అనుమతి కోసం యానాం పరిపాలనాధికారి కార్యాలయానికి, పోలీసులకు అర్జీ పెట్టాలి. మొదటి కార్యక్రమానికి ముందు కొందరిని మద్రాసు ట్రాకుకు పంపి మార్షల్ పని, తనిఖీ పని నేర్పించాలి. మన మెకానిక్కులను గౌరవంగా పిలిచి తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. బండి గుట్టు వాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇంతకు మించిన పాఠశాల దొరకదు.

కుర్రాళ్లతో ఒక మాట. అర్ధరాత్రి రోడ్డు మీద స్నేహితుణ్ని ఓడిస్తే నువ్వు ఎంత వేగమో నీకు తెలియదు. అక్కడ గడియారం లేదు, నియమం లేదు, సాక్షి లేదు. గెలిచింది నువ్వో, ఎదుటి లారీవాడి దయో తేలదు. అదే కోన్ల మధ్య తిరిగితే నీ పేరు పక్కన నీ సమయం సెకనులో పదో వంతుతో సహా పడుతుంది. దాన్ని ఎవరూ కాదనలేరు. నీ సత్తా నిజంగా తెలుసుకోవాలనుంటే ఆ కొలత దగ్గరికి రా. డ్రైవరుగా చోటు దొరక్కపోతే జెండా పట్టుకో. ఆ పనిలో ఉన్న గౌరవం స్టీరింగు పట్టుకోవడంలో ఉన్నదానికి తక్కువ కాదు.

పెద్దలతో ఇంకో మాట. క్రికెట్‌కు మైదానం అడుగుతాం, కబడ్డీకి కోర్టు అడుగుతాం, ఈతకు కొలను అడుగుతాం. మోటారు నడిపే నేర్పుకూ ఒక చోటు అడగడం తప్పు కాదు. యానాం మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న చోట ఎక్కడ అని అనుకోవచ్చు. నెలకు ఒక ఆదివారం, సగం రోజు, ఒక మైదానం చాలు. యానాంలో కుదరకపోతే కాకినాడ వైపు, అక్కడా కాకపోతే అమలాపురం వైపు. క్లబ్బుకు సరిహద్దులు అడ్డు కావు.

పారిస్–మాడ్రిడ్ పందెం ఆగిన మూడేళ్లకు ఫ్రాన్సు తన వేగానికి మూసిన దారి సిద్ధం చేసుకుంది. మద్రాసు క్లబ్బు పుట్టిన 37 ఏళ్లకు సొంత ట్రాకు కట్టుకుంది. రెండుచోట్లా ముందు ఏర్పడింది క్లబ్బు, దాని వెనకే వచ్చింది ట్రాకు. ఈ ప్రసంగం విన్నవాళ్లలో పదిమంది ముందుకొచ్చి మొదటి సమావేశం పెడితే, మిగిలిన పని మొదలైనట్టే. ఆ పదిమందిలో నేనూ ఉంటాను.